ఇంటి కంప్యూటర్‌లో స్పైవేర్: ఎక్కడ వెతకాలి, ఏది చూసి నమ్మాలి

కంప్యూటర్ నెమ్మదించింది, ఫ్యాన్ ఊరికే తిరుగుతోంది, తెర మీద అడగని ప్రకటనలు వస్తున్నాయి. స్పైవేర్ లక్షణాలంటూ ఎక్కడ చూసినా కనిపించే జాబితా ఇదే. ప్రకటనలు గుప్పించే ఒకప్పటి యాడ్‌వేర్‌కు ఇది బాగానే సరిపోయేది. నిఘా కోసమే రాసిన ప్రోగ్రామ్ విషయంలో మాత్రం దాదాపు పనికిరాదు.

కాస్త లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. నిమిషానికి 40 పదాల చొప్పున గంటసేపు ఆపకుండా టైప్ చేస్తే 2,400 పదాలు. పదానికి ఖాళీతో కలిపి 6 బైట్లు అనుకుంటే మొత్తం 15 కిలోబైట్లు కూడా కాదు. ఓ మామూలు వెబ్ పేజీలో మూలన ఉండే చిన్న బొమ్మ ఇంతకంటే పెద్దది. అంటే రోజంతా కొట్టిన ప్రతి కీని బయటికి పంపినా ఇంటర్నెట్ వేగంలో వెంట్రుకవాసి తేడా కూడా రాదు. తెర ఫొటోలు తీసే రకమైతే కథ వేరు. 10 సెకన్లకు ఒకటి చొప్పున, ఒక్కోటి 200 కిలోబైట్లు అనుకుంటే గంటకు 360 ఫొటోలు, 72 మెగాబైట్లు. ఎనిమిది గంటలకు 576 మెగాబైట్లు. దీన్ని కనిపెట్టవచ్చు, కానీ వేగం చూసి కాదు, డేటా లెక్క చూసి.

కాబట్టి లక్షణాల వేట మానేసి, నిఘా ప్రోగ్రామ్ తప్పించుకోలేని పనులేమిటో చూడాలి. అవి రెండు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినప్పుడు తనంతట తాను లేవాలి. పోగుచేసింది ఎక్కడికో పంపాలి. లేవడానికి విండోస్‌లో ఎక్కడో ఒకచోట నమోదు అయి ఉండాలి, పంపడానికి నెట్‌వర్క్ కనెక్షన్ తెరవాలి. పేరు మార్చుకోవచ్చు, ఐకాన్ దాచుకోవచ్చు, ఈ రెండింటినీ మాత్రం దాటలేదు. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, అది తర్వాత.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: అనుమానం ఎవరి మీద? ముక్కూమొహం తెలియని దొంగ మీదైతే వెంటనే పని మొదలుపెట్టవచ్చు. అదే ఇంట్లోనే ఉండే మనిషి మీదైతే, పైగా ఆ మనిషి వల్ల భయం ఉంటే, ఆ కంప్యూటర్‌లో "స్పైవేర్ ఎలా తీయాలి" అని వెతకడమే ప్రమాదం. టైప్ చేసిన ఆ మాటే అవతలివారికి చేరుతుంది. తీసేసిన క్షణాన నివేదికలు ఆగిపోయి విషయం బయటపడుతుంది. అలాంటప్పుడు సాయం కోసం వేరే పరికరం వాడాలి, ఈ కంప్యూటర్‌ను యథాప్రకారం వాడుతూ ఉండాలి, ఆధారాలను చెరపకూడదు.

దాక్కోనివాటితో మొదలు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. యాంటీవైరస్ కూడా అంతే. ఇళ్లలో దొరికే నిఘాలో పెద్ద భాగం వైరస్ కాదు. ఎవరో అనుమతి ఇచ్చి పెట్టిన మామూలు సాఫ్ట్‌వేర్. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి రిమోట్ టూల్స్ రోజూ లక్షలమంది వాడే సక్రమమైన ప్రోగ్రామ్‌లు. "కంపెనీ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ చేసి ఎక్కించినా, రిపేర్ చేసినవారు ఎక్కించి మరిచిపోయినా, పాస్‌వర్డ్ పెట్టి ఎప్పుడైనా లోపలికి రాగలిగేలా అమర్చవచ్చు. యాంటీవైరస్ వీటిని చూసి నోరెత్తదు, ఎత్తకూడదు కూడా. అందుకే సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితా తెరిచి, తేదీల వరుసలో పెట్టి, ఒక్కో పేరూ చదవాలి. అనుమానం ఏ నెలలో మొదలైందో ఆ నెలలో చేరినవాటి దగ్గర కాసేపు ఆగాలి. తల్లిదండ్రుల నియంత్రణ పేరుతో అమ్మే ప్రోగ్రామ్‌లలో కొన్ని ఈ జాబితా నుంచి తమను తీసేసుకుంటాయి కాబట్టి, ఇక్కడ ఏమీ కనిపించలేదని ఊరుకోకూడదు.

యూజర్ అకౌంట్లూ చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్ యూజర్" అని కొడితే ఈ యంత్రంలో ఉన్న అకౌంట్లన్నీ వస్తాయి. అడ్మినిస్ట్రేటర్, గెస్ట్, డిఫాల్ట్‌అకౌంట్ లాంటివి విండోస్ పుట్టుకతో పెట్టినవి. ఇంట్లో ఎవరూ సృష్టించని పేరు ఉండి, అది అడ్మినిస్ట్రేటర్ల గుంపులో ఉంటే అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత బ్రౌజర్. ఇప్పుడు మెయిల్, బ్యాంకు, కబుర్లు అన్నీ బ్రౌజర్‌లోనే నడుస్తున్నాయి కాబట్టి, నిఘాకు కంప్యూటర్ మొత్తం అక్కర్లేదు, ఒక ఎక్స్‌టెన్షన్ చాలు. ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి ఒక్కోదాని వివరాల్లోకి వెళితే, అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదివే, మార్చే అనుమతి దేనికి ఉందో రాసి ఉంటుంది. ప్రకటనలు ఆపేదానికి, పాస్‌వర్డ్‌లు దాచేదానికి ఆ అనుమతి తప్పదు. వాల్‌పేపర్ మార్చేదానికి, పీడీఎఫ్ కలిపేదానికి ఎందుకు? క్రోమ్ మెనూ అడుగున ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోందన్న మాట ఇంటి కంప్యూటర్‌లో కనిపిస్తే, ఎవరో పాలసీ (కంపెనీలు తమ కంప్యూటర్లకు పెట్టే తప్పనిసరి నియమం) ద్వారా సెట్టింగ్‌లను బిగించారని అర్థం. కొన్ని యాంటీవైరస్‌లూ ఆ పని చేస్తాయి గనుక కంగారుపడకుండా, అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టి ఏ పాలసీ పెట్టారో చదవాలి. బలవంతంగా ఎక్స్‌టెన్షన్ ఎక్కించే పాలసీ ఉంటే దొంగ దొరికినట్టే. ఆ ఎక్స్‌టెన్షన్‌కు తీసేసే బటన్ పనిచేయదు. ముందు పాలసీ పోవాలి.

ఆటోరన్స్‌తో ఒక గంట

విండోస్‌లో ప్రోగ్రామ్ తనంతట తాను లేవడానికి పదుల కొద్దీ దారులున్నాయి. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ట్యాబ్ చూపించేది అందులో ఓ మూల మాత్రమే: రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు)లోని రన్ కీలు, స్టార్టప్ ఫోల్డర్. వేళకు నడిచే షెడ్యూల్డ్ టాస్క్‌లు, తెర వెనక నడిచే సర్వీసులు, డ్రైవర్లు, డబ్ల్యూఎంఐ ఈవెంట్లు (ఫలానాది జరిగితే ఫలానాది నడపమనే ఏర్పాట్లు) అందులో కనబడవు. కాస్త తెలివైన స్పైవేర్ ఉండేది సరిగ్గా అక్కడే.

అన్నింటినీ ఒకచోట చూపించేది ఆటోరన్స్. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఇదొకటి. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది, టూల్స్ ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, జిప్ విప్పి, రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. అడ్మినిస్ట్రేటర్‌గా నడపకపోతే చూపించే జాబితా అసంపూర్ణం, అది చూసి ధీమాపడటం ఉత్తిదే.

మొదట ఆప్షన్స్ మెనూలో స్కాన్ ఆప్షన్స్ తెరిచి, డిజిటల్ సంతకాలు (ఫైలు ఎవరు తయారుచేశారో చెప్పే ముద్రలు) సరిచూడమని, ఫైళ్లను పదుల యాంటీవైరస్ ఇంజన్లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌తో పోల్చమని టిక్ పెట్టాలి. తర్వాత మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచమంటే వందల వరుసలు కాస్తా పదుల్లోకి వస్తాయి. గులాబీ రంగు వరుసలకు సంతకం లేదు, లేదా సరిపోలేదు, లేదా తయారీదారు పేరే లేదు. పసుపు వరుసలు చూపిస్తున్న ఫైలు ఇప్పుడు లేదు. ఎక్కువగా ఇవి తీసేసిన ప్రోగ్రామ్‌ల మిగుళ్లు. గులాబీ అంటే దోషి అని కాదు. పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్, చిన్న సంస్థల ఉచిత టూల్స్ చాలావరకు సంతకం లేకుండానే వస్తాయి.

ఇక్కడ చూపు నిలపాల్సింది ఇమేజ్ పాత్ (ఫైలు ఉన్న చోటు) అనే గడి మీద. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఏదైనా పెట్టాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. యూజర్ సొంత యాప్‌డేటా ఫోల్డర్‌లో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే స్పైవేర్‌కు ఆ చోటు ఇష్టం, టెంప్ ఫోల్డర్ మరీ ఇష్టం. అయితే డిస్కార్డ్, జూమ్ లాంటివి కూడా యాప్‌డేటాలోనే దిగుతాయి. కాబట్టి చోటు ఒక్కటే రుజువు కాదు. యాప్‌డేటాలో ఉండి, సంతకం లేకుండా, అర్థంపర్థంలేని పేరుతో, పదేపదే లేవమని షెడ్యూల్డ్ టాస్క్ పెట్టుకున్నది అనుకోండి, నాలుగూ ఒకేచోట కలిశాయి కాబట్టి ఇక వదలకూడదు.

మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటే చాలనుకోవడం ఇంకో పొరపాటు. పవర్‌షెల్, రన్‌డీఎల్ఎల్, విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ మైక్రోసాఫ్ట్ సొంత ప్రోగ్రామ్‌లే. వాటికిచ్చే ఆదేశం మాత్రం ఎవరిదైనా కావచ్చు. ఒక షెడ్యూల్డ్ టాస్క్ పవర్‌షెల్‌ను పిలుస్తోందని కనిపిస్తే దాని పూర్తి కమాండ్ లైన్ చదవాలి. విండోను దాచిపెట్టమని ఒక స్విచ్, ఎన్‌కోడెడ్ కమాండ్ అని మరొకటి, వాటి వెనక వందల అక్షరాల గజిబిజి ఉంటే, ఇంటి కంప్యూటర్‌లో దానికి మంచి కారణం ఉండటం చాలా అరుదు.

వైరస్‌టోటల్ గడిలో వచ్చే అంకెను చదవడమూ ఒక విద్యే. సుమారు 70 ఇంజన్లలో ఒకటో రెండో మాత్రమే చెడ్డదన్నాయంటే ఎక్కువసార్లు అది తప్పుడు అలారం. ఇరవై దాటితే చర్చ అనవసరం. సున్నా వస్తే? ప్రసిద్ధమైన ఫైలుకు సున్నా రావడం మంచిదే. పెద్దగా ఎవరూ చూడని కొత్త ఫైలుకు సున్నా వస్తే దానికి విలువ లేదు. ఆటోరన్స్ మామూలుగా పంపేది ఫైలు హ్యాష్‌నే (వేలిముద్రలాంటి గుర్తు), ఫైలును కాదు. ఫైలును అప్‌లోడ్ చేస్తే మాత్రం అది అక్కడి పరిశోధకులకు అందుబాటులోకి వెళ్తుంది. సొంత పత్రాలను అక్కడ ఎక్కించకూడదు. మరో తమాషా: కొన్ని స్పైవేర్ ఫైళ్లు ఖాళీ డేటా నింపుకుని వందల మెగాబైట్లకు ఉబ్బుతాయి. స్కానర్ల పరిమాణ పరిమితి దాటడానికే ఈ ఎత్తు. చిన్న టూల్ అని చెప్పుకునేది 700 మెగాబైట్లు ఉంటే ఆ బరువే అనుమానానికి చాలు.

సంతకం ఉన్నదంతా మంచిదని కూడా కాదు. 2017లో కంప్యూటర్ శుభ్రం చేసే సీక్లీనర్ 5.33 వెర్షన్ తయారీ దశలోనే బ్యాక్‌డోర్ (దొంగదారి) చొప్పించుకుని, తయారీదారు అసలు సంతకంతోనే జనంలోకి వెళ్లింది.

తప్పు ఎంట్రీ దొరికిందనిపిస్తే ముందు టిక్ తీయాలి, డిలీట్ చేయకూడదు. టిక్ తీస్తే తిరిగి పెట్టుకోవచ్చు. డ్రైవర్‌ను తొందరపడి చెరిపితే విండోస్ లేవకపోవచ్చు. టిక్ తీసి రీస్టార్ట్ చేశాక అదే ఎంట్రీ మళ్లీ టిక్‌తో ప్రత్యక్షమైతే, దాన్ని కాపు కాసే రెండో ప్రోగ్రామ్ ఎక్కడో ఉందన్నమాట. అది చెడ్డ వార్తే, కానీ చాలా స్పష్టమైన వార్త.

నడుస్తున్న ప్రోగ్రామ్‌ల మధ్య

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డీటెయిల్స్‌లోకి వెళ్లి, నిలువు వరుసల శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి, కమాండ్ లైన్, ఇమేజ్ పాత్ నేమ్ గడులను చేర్చుకోవాలి. ఈ రెండూ లేకుండా ఆ జాబితా చదవడమంటే ఇంటిపేర్లు లేని పెళ్లి పిలుపుల జాబితా చదవడమే.

ఎక్కువమందిని భయపెట్టేది ఎస్‌వీసీహోస్ట్. పదుల సంఖ్యలో కనిపిస్తుంది, చూసినవాళ్లు హడలిపోతారు. అన్ని ఉండటం సహజమే. విండోస్ సర్వీసులు దాని కింద నడుస్తాయి. అసలుదానికి గుర్తులు మూడు. సిస్టమ్32 ఫోల్డర్ నుంచి నడుస్తుంది. కమాండ్ లైన్‌లో హైఫన్, కె అనే స్విచ్, దాని వెనక సర్వీసుల గుంపు పేరు ఉంటాయి. దాన్ని పుట్టించేది సర్వీసెస్ అనే ప్రోగ్రామ్. ఈ తల్లీపిల్లల వరుస సిస్‌ఇంటర్నల్స్‌దే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే టూల్‌లో చెట్టులా కనిపిస్తుంది. యాప్‌డేటా నుంచి నడిచే ఎస్‌వీసీహోస్ట్, ఒక అక్షరం అటూ ఇటూ అయిన ఎస్‌సీవీహోస్ట్ వేషధారులే. విండోస్ సొంత ఎక్స్‌ప్లోరర్ (ఫోల్డర్లు చూపించేది) విషయంలో లెక్క తిరగబడుతుంది: అసలుది నేరుగా విండోస్ ఫోల్డర్‌లో ఉంటుంది, సిస్టమ్32లో ఆ పేరుతో కనిపిస్తేనే అనుమానించాలి.

కొట్టే కీలను రాసుకునే కీలాగర్‌ను ప్రవర్తన చూసి పట్టడం ఎందుకు కష్టమో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కీబోర్డ్ హుక్ (నొక్కే ప్రతి కీనీ వినే ఏర్పాటు) పెట్టడానికి విండోస్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడగదు. షార్ట్‌కట్ కీలు పట్టే ప్రోగ్రామ్‌లు, తెలుగు టైపింగ్ టూల్స్, గేమ్ ఓవర్‌లేలు అన్నీ అదే సౌకర్యం వాడతాయి. చేసే పని ఒకటే, ఉద్దేశం వేరు. ఉద్దేశాన్ని స్కానర్ చదవలేదు.

కెమెరా, మైక్ సంగతి కాస్త సులువు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద కెమెరా పేజీ అడుగుకు వెళితే, డెస్క్‌టాప్ యాప్‌లలో ఏది చివరిసారి ఎప్పుడు వాడిందో తేదీ, సమయంతో ఉంటుంది. మైక్రోఫోన్‌కూ అదే. రాత్రి రెండింటికి కెమెరా వాడిన ప్రోగ్రామ్ ఉంటే అది జవాబు చెప్పాల్సిందే. కెమెరా మీద టేపు అంటించినా మైక్‌కు అడ్డుండదని మరవకూడదు.

బయటికి పోయే దారి

విండోస్ ఫైర్‌వాల్ మామూలు అమరికలో బయటినుంచి పిలవని చుట్టంలా వచ్చే కనెక్షన్లను ఆపుతుంది. లోపలినుంచి బయటికి వెళ్లేవాటిని ఎక్కడికని కూడా అడగదు. అందుకే స్పైవేర్ తలుపు తెరిచి కూర్చోదు. తానే బయటికి ఫోన్ చేస్తుంది.

బ్రౌజర్లు, మెయిల్, క్లౌడ్ సింక్ అన్నీ మూసి ఐదు నిమిషాలు ఆగాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌స్టాట్ కమాండ్‌ను ఏ, బీ, ఎన్, ఓ అనే నాలుగు అక్షరాల స్విచ్‌లతో నడిపితే, ప్రతి కనెక్షన్‌కూ ప్రోగ్రామ్ పేరు, ప్రాసెస్ నంబరు వస్తాయి. 127తో మొదలయ్యే చిరునామాలు యంత్రం తనలో తాను మాట్లాడుకునేవి. వదిలేయవచ్చు. లిజనింగ్ అన్నవి ఎదురుచూస్తున్నవి, ఎస్టాబ్లిష్డ్ అన్నవి ఇప్పుడు మాట్లాడుతున్నవి.

చిక్కేమిటంటే నెట్‌స్టాట్ ఒక క్షణపు ఫొటో. పది నిమిషాలకోసారి రెండు సెకన్లు మాట్లాడి మూగబోయేదాన్ని అది పట్టదు. ప్రోగ్రామ్ పేర్లు చెప్పే బీ స్విచ్ తీసేసి, కమాండ్ చివర 5 అని చేరిస్తే ప్రతి 5 సెకన్లకూ మళ్లీ చూపిస్తుంది. ఫలితాన్ని ఫైల్‌లోకి మళ్లించి అరగంట వదిలేయవచ్చు. తెర మీద చూడాలంటే సిస్‌ఇంటర్నల్స్‌దే టీసీపీవ్యూ మేలు.

అవతలి చిరునామా పెద్ద సంస్థదైనంత మాత్రాన నిర్దోషి అనుకోవడానికి లేదు. దొంగిలించినదాన్ని టెలిగ్రామ్ బాట్‌కో, డిస్కార్డ్ ఛానల్‌కో, మామూలు మెయిల్ పెట్టెకో పంపే రకాలు చాలా ఉన్నాయి. ఏజెంట్ టెస్లా అనే పాత కీలాగర్ పోగుచేసినదాన్ని మెయిల్‌గా పంపడంలో పేరుమోసింది; మెయిల్ పంపే పోర్టు (కనెక్షన్ వెళ్లే ద్వారం నంబరు) 587. మెయిల్‌ను బ్రౌజర్‌లోనే చూసే ఇంట్లో, అవుట్‌లుక్‌లాంటి మెయిల్ ప్రోగ్రామ్ ఏదీ లేనిచోట, 587 పోర్టుకు కనెక్షన్ ఎందుకుంటుంది? ఇలా ఈ కంప్యూటర్‌లో ఏ పని జరగదో తెలిసి ఉండటమే నెట్‌వర్క్ వేటలో సగం బలం. 3389 కనిపిస్తే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్, 5938 టీమ్‌వ్యూయర్, 7070 ఎనీడెస్క్ అని గుర్తుపెట్టుకోవచ్చు. 443 మాత్రం అందరిదీ కాబట్టి అదేమీ చెప్పదు.

తెర ఫొటోలు పంపే రకానికి సెట్టింగ్స్‌లోని డేటా యూసేజ్ పేజీ ఉంది. గత 30 రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో వరుసగా చూపుతుంది. బ్రౌజర్ గిగాబైట్లు వాడటం మామూలే. పేరు వినని ప్రోగ్రామ్ మూడు గిగాబైట్లు వాడి ఉంటే, పైన వేసిన లెక్క గుర్తుచేసుకోవాలి.

ఇదే దారిలో ఇంకో మెలిక: మధ్యలో కూర్చుని చదివేది. ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్ రాకపోకలను చదవాలంటే కంప్యూటర్‌లో తన రూట్ సర్టిఫికెట్ (సైట్లు నిజమైనవేనని కంప్యూటర్‌ను నమ్మించే మూల పత్రం) పెట్టుకోవాలి. లెనోవో ల్యాప్‌టాప్‌లలో ముందే ఎక్కించి అమ్మగా 2015లో బయటపడిన సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రామ్ ప్రకటనల కోసం ఈ పనే చేసింది. అన్ని యంత్రాల్లోనూ ఒకే రహస్య కీ ఉండటంతో ఆ కీ తెలిసిన ఎవరైనా వాటిని మోసం చేయగలిగే స్థితి వచ్చింది. పరీక్ష తేలిక. బ్యాంకు సైట్, మెయిల్, ఒక వార్తా పత్రిక, మూడూ తెరిచి ఒక్కోదాని సర్టిఫికెట్ ఎవరు జారీ చేశారో చూడాలి. మూడింటికీ యాంటీవైరస్ పేరో, ఎన్నడూ వినని పేరో ఒకటే వస్తే మధ్యలో ఎవరో ఉన్నట్టు. యాంటీవైరస్ అయితే దాని సెట్టింగ్‌లో ఆపుకోవచ్చు. ప్రాక్సీ సెట్టింగ్‌ను (రాకపోకలను మధ్యవర్తి గుండా పంపేది), హోస్ట్స్ ఫైల్‌ను (సైట్ పేరును వేరే చిరునామాకు మళ్లించగలిగేది) కూడా అదే ఊపులో చూసేయాలి.

స్కానర్ ఎక్కడ పనికొస్తుంది

విండోస్ డిఫెండర్ తక్కువదేమీ కాదు. కానీ స్కాన్ నొక్కే ముందు ఎక్స్‌క్లూజన్స్ పేజీ తెరవాలి. తనను స్కాన్ చేయవద్దని మినహాయింపు రాయించుకోవడం స్పైవేర్ మొదట చేసే పనుల్లో ఒకటి. ఏకంగా సి డ్రైవ్ మొత్తాన్నే మినహాయించి ఉంటే స్కానర్ రోజూ "ఏ ముప్పూ లేదు" అని నిజాయితీగానే చెబుతూ ఉంటుంది. డిఫెండర్ సెట్టింగ్‌లను ఇతర ప్రోగ్రామ్‌లు మార్చకుండా కాపాడే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆఫ్ అయి ఉంటే ఎవరు ఆపారో ఆలోచించాలి. నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లలో కొందరు తమ సూచనల్లో ఈ పనులే చేయమంటారు.

మామూలు స్కాన్ తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ చేయాలి. సుమారు పావుగంట పడుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. దాని విలువ అర్థం కావాలంటే 2005కు వెళ్లాలి. సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీలు కంప్యూటర్‌లో రహస్యంగా ఒక రూట్‌కిట్ దించుతున్నాయని ఆ ఏడాది అక్టోబర్ 31న రస్సినోవిచ్ బయటపెట్టాడు. డాలర్, సిస్, డాలర్ అనే అక్షరాలతో మొదలయ్యే ప్రతి ఫైలునూ అది విండోస్ కళ్లకు కనపడకుండా చేసేది. ఆయన టూల్ చేసిందల్లా ఒకటే: ఫైళ్ల జాబితాను విండోస్‌ను అడిగి ఒకసారి, డిస్క్‌ను నేరుగా చదివి ఇంకోసారి తయారుచేసి, రెండూ పోల్చడం. తేడా ఉన్నచోట దొంగ. ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఉన్న సూత్రమూ దీనికి దగ్గరదే. అనుమానిత విండోస్ నిద్రపోతున్నప్పుడు డిస్క్‌ను బయటినుంచి చూస్తే, దాచేవాడు మేలుకుని ఉండడు. 64 బిట్ విండోస్‌లో కెర్నల్ (విండోస్ లోతట్టు భాగం) రక్షణ, డ్రైవర్ సంతకాల నిబంధన, సరైన సంతకం ఉన్నవాటినే మొదట లేవనిచ్చే సెక్యూర్ బూట్ వచ్చాక ఆ స్థాయి దాగుడుమూతలు ఖరీదైపోయాయి. ఇప్పటి ఇంటి స్పైవేర్ జనంలో జనంలా తిరగడానికి కారణం అదే.

వెబ్ పేజీలో ఎగిరొచ్చి "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అని అరిచే స్కానర్ సంగతి ఒక్క ముక్కలో: వెబ్ పేజీకి హార్డ్ డిస్క్‌ను స్కాన్ చేసే శక్తి లేదు.

దొరకని దొంగ

ముందు చెప్పిన మినహాయింపు ఇదే. ఇన్ఫోస్టీలర్ అనే రకానికి మళ్లీ లేవాల్సిన అవసరమే లేదు. నడిచిన కొద్ది సెకన్లలోనో నిమిషాల్లోనో బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కు చెప్పే గుర్తులు), క్రిప్టో వాలెట్లు మూటగట్టి పంపేసి చాలాసార్లు తనను తానే చెరుపుకుంటుంది. మర్నాడు ఆటోరన్స్ శుభ్రం, స్కానర్ శుభ్రం. దొంగతనం మాత్రం పూర్తయింది. కుకీ చేతికి చిక్కితే పాస్‌వర్డ్ అక్కర్లేదు, రెండంచెల ధ్రువీకరణా అడగదు, ఎందుకంటే ఆ దశ దాటాకే ఆ కుకీ పుట్టింది. లుమ్మా అనే ఇన్ఫోస్టీలర్‌ను 2025 మేలో దెబ్బతీసినప్పుడు, అంతకుముందు రెండు నెలల్లో 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు అది సోకిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

ఈ మధ్య ఇది వచ్చే దారి వింతగా ఉంటుంది. "మీరు మనిషేనని నిరూపించండి" అనే నకిలీ పేజీ, విండోస్ కీతో ఆర్ నొక్కి, కంట్రోల్‌తో వి నొక్కి, ఎంటర్ కొట్టమంటుంది. ఆ పేజీ అప్పటికే క్లిప్‌బోర్డ్‌లో పవర్‌షెల్ ఆదేశం పెట్టేసి ఉంటుంది. తలుపు తీసింది ఇంటివాళ్లే. దీనికి ఒక జాడ మాత్రం మిగులుతుంది: రన్ పెట్టెలో ఇటీవల కొట్టినవి రిజిస్ట్రీలో ప్రస్తుత యూజర్ కింద, ఎక్స్‌ప్లోరర్ శాఖలోని రన్ఎంఆర్‌యూ అనే కీలో ఉంటాయి. అక్కడ ఒక వెబ్ చిరునామాతో కూడిన పవర్‌షెల్ లేదా ఎంఎస్‌హెచ్‌టీఏ (స్క్రిప్టులు నడిపే మరో విండోస్ ప్రోగ్రామ్) వరుస ఉంటే ఏం జరిగిందో తేలిపోయినట్టే.

అది కూడా లేకపోతే వెతకాల్సింది అకౌంట్లలో. మెయిల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో తెలియని పరికరాలు, తెలియని ఊళ్ల నుంచి లాగిన్‌లు, ఎవరూ పెట్టని ఫార్వర్డింగ్ నియమం, బ్యాంకు పేరున్న ఉత్తరాలను నేరుగా చెత్తబుట్టలో వేసే ఫిల్టర్. "నా మెయిల్ ఎవరో చదువుతున్నారు" అన్న ఫిర్యాదుల్లో కంప్యూటర్‌కు సంబంధమే లేనివి కూడా ఉంటాయి. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి తన ఫోన్‌లో అదే అకౌంట్ తెరిచి ఉంచుకుంటాడు, అంతే.

ఏ సాఫ్ట్‌వేరూ కనిపెట్టలేనిది ఇంకొకటి ఉంది: కీబోర్డ్ తీగకూ యూఎస్‌బీ పోర్టుకూ మధ్య దూర్చే చిన్న ముక్క. విండోస్‌కు అది కనిపించదు, కీబోర్డ్ మాత్రమే కనిపిస్తుంది. టేబుల్ కిందికి వంగి, కీబోర్డ్ తీగను చేత్తో పట్టుకుని పోర్టు దాకా తడుముతూ వెళ్లడమే పరీక్ష.

మాక్ వాడేవారికీ సూత్రాలు ఇవే, చోట్లు వేరు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద లాగిన్ ఐటమ్స్. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద యాక్సెసిబిలిటీ, ఇన్‌పుట్ మానిటరింగ్, స్క్రీన్ రికార్డింగ్, ఫుల్ డిస్క్ యాక్సెస్. మాక్‌లో కీలాగర్‌కు ఇన్‌పుట్ మానిటరింగ్ లేదా యాక్సెసిబిలిటీ అనుమతి తప్పదు కాబట్టి విండోస్ కంటే ఇక్కడ వేట సులువు. ఎవరూ పెట్టని ప్రొఫైల్ (సెట్టింగ్‌లను బయటినుంచి బిగించే ఫైలు) ఉందేమో కూడా చూడాలి.

దొరికాక

వరుస ముఖ్యం. మొదట వైఫై ఆపి తీగ పీకాలి. తెర మీద కనిపించినదాన్ని, ఫైలు చోటును, తేదీని ఫోన్‌తో ఫొటో తీయాలి. తర్వాత వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చాలి. మెయిల్ ముందు, ఎందుకంటే మిగతా అన్నింటి రీసెట్ లింకులూ దానికే వస్తాయి. మార్చాక అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయమనే బటన్ నొక్కితే తప్ప కొన్నిచోట్ల దొంగిలించిన కుకీ పనిచేస్తూనే ఉంటుంది. సోకిన యంత్రంలో కూర్చుని కొత్త పాస్‌వర్డ్ పెట్టడమంటే దాన్ని దొంగకు చదివి వినిపించడమే.

ఎక్స్‌టెన్షనో రిమోట్ టూలో అయితే తీసేస్తే సరిపోతుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కుతో నడిచిన తెలియని ప్రోగ్రామ్ అయితే శుభ్రం చేయడం కన్నా విండోస్‌ను కొత్తగా వేయడం తక్కువ పని. మరో కంప్యూటర్‌లో 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాలర్ తయారుచేసుకోవడం అన్నింటికన్నా మేలు. రీసెట్ దిస్ పీసీ వాడితే అన్నీ తీసేయమని, క్లౌడ్ డౌన్‌లోడ్ కావాలని చెప్పాలి; దానికి సుమారు 4 గిగాబైట్ల డేటా ఖర్చవుతుంది. పత్రాలు, ఫొటోలు కాపీ చేసుకునే ముందు ఫైళ్ల ఎక్స్‌టెన్షన్లు కనపడేలా పెట్టుకోవాలి. పీడీఎఫ్ బొమ్మతో ఉన్నది నిజానికి ఈఎక్స్ఈ అయితే అప్పుడే తెలుస్తుంది.

కొత్త విండోస్‌లో బ్రౌజర్‌లోకి సైన్ ఇన్ అయ్యే ముందు ఒక్క క్షణం ఆగాలి. సింక్ ఆన్‌లో ఉంటే పాత ఎక్స్‌టెన్షన్లన్నీ, ఆ దొంగ ఎక్స్‌టెన్షన్‌తో సహా, నిమిషంలో తిరిగొస్తాయి. ముందు సింక్‌లో ఎక్స్‌టెన్షన్లను ఆపి, తర్వాత కావాల్సినవి ఒక్కొక్కటీ పెట్టుకోవాలి. ఇంకేమీ ఎక్కించకముందే ఆటోరన్స్ నడిపి ఫైల్ మెనూలో సేవ్ చేసి, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ అనుమానం వస్తే అదే మెనూలో కంపేర్ నొక్కి పాత ఫైలు చూపిస్తే చాలు. ఈలోగా కొత్తగా చేరినవి మాత్రమే ఆకుపచ్చ రంగులో వస్తాయి.